నాయన తుపాకికి నా సంతకం

తిరువళ్ళూరు

ఇందుమూలంగా సకల జనులకు తెలియజేయడమేమనగా, మునిరత్నం గారి అద్దె గదికి కొత్త బకెట్టు విచ్చేసినది. రంగు ఎరుపు. పిడి కలదు. పాత బకెట్టును గురించి ఇకమీదట ఎవరూ ప్రస్తావించరాదు.

అన్నకు తమ్ముడి నమస్కారాలు. నువ్వు, వదిన, పిల్లోడు బాగున్నారని తలుస్తాను. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, నా గురించి దిగులు వద్దు. నువ్వు దిగులు పడతావని కాదు, ఉత్తరమన్నాక అలా రాయాలి గనక రాస్తున్నాను. ఫోనైతే నా గొంతు వినగానే వదిన చేతికిచ్చేస్తావు. తెలుగులో రాస్తే నీ కొడుకు చదవలేడు, వాడికి అరవమే వచ్చు. ఇది నువ్వే చదవాలి.

నీ కాగితం అందింది. నాయన ఒంటిగొట్టం తుపాకిని నీ పేరుకు మార్చడానికి అభ్యంతరం లేదని నేను సంతకం పెట్టాలన్నావు. పక్క చేలో మోటారు వైరు కోసుకుపోయారట, చేని మధ్య ఇల్లు గనక భయమట. నాలుగేళ్ళలో నువ్వు నాకు రాసింది ఇదొక్కటే. అందులోనూ బాగున్నావా అన్న మాట లేదు.

నా ఉద్యోగం వింటే నవ్వుతావు. పూండి రోడ్డులో తుపాకి నేర్పే చోటుంది. లైసెన్సుకు అర్జీ పెట్టేవాళ్ళు ఇక్కడ నేర్చుకుని కాగితం తీసుకుపోతారు. ఊడ్చే పనికి చేరాను. ఇప్పుడు దొంగ పని. సైన్యంలో చేసి వచ్చిన మాస్టరు వాళ్ళ చేతికి కట్టె తుపాకి ఇచ్చి నిలబెడతాడు. నేను పరదా వెనకనుంచి వస్తాను, ఒకసారి దొంగగా, ఒకసారి పాలవాడిగా, ఒకసారి ఇంటి అల్లుడిగా. ఎవరని అడిగి, జవాబు విని, మొహం చూసి, ఆ తర్వాతే మీట మీద వేలు పెట్టాలి. అందరూ అడుగుతారు. జవాబు వినేదాకా ఆగేవాళ్ళు తక్కువ. ఆవడి నుంచి వచ్చే రిటైరైన ఆఫీసరొకాయన ఒకే వారంలో అల్లుడిని నాలుగుసార్లు చంపాడు. ఐదోసారి నేను పరదా వెనకనుంచే, ఇంత కోపముంటే పిల్లనెందుకిచ్చినారు మామా అన్నాను. మాస్టరు కూడా నవ్వాడు.

ఏ తుపాకి కొనాలని అడిగితే మాస్టరు తుపాకి మాట ఎత్తడు. ఇంట్లో పిల్లలున్నారా, బీరువా తాళం ఎవరి దగ్గర, కోపం ఎవరికెక్కువ అని అడుగుతాడు. చివరిదానికి మగవాళ్ళంతా భార్య పేరే చెబుతారు. నాయన తుపాకి గురించీ అడిగాను. అంత పొడుగు గొట్టం చేలో పందులను బెదిరించడానికేనట, ఇంట్లో తిప్పితే గుమ్మానికి కొట్టుకుంటుందట. పాత తూటాలను నమ్మొద్దన్నాడు. గ్రిల్ గేటు, మంచి లైటు, మొరిగే కుక్క చాలన్నాడు.

ఇక్కడ ఎండ మాడ్చేస్తోంది. మెస్సులో సాంబారు నీళ్ళకు అన్నలాంటిది. నాలుక చచ్చిపోయింది. తిరుత్తణి బస్సులో ఎవరైనా వస్తే వదిన చేత చింతకాయ ఊరగాయ పంపించు.

ఆ సాయంత్రం మరిచిపోయి ఉండవు. దొంగల భయంతో ఊరు వణుకుతుంటే, నిన్ను ఆటపట్టించాలని కోతి టోపీ పెట్టి, మొహానికి తువ్వాలు చుట్టి పశువుల కొట్టం గోడెక్కాను. నువ్వు నాయన తుపాకి పట్టుకుని వచ్చావు.

"ఎవురది? పలక్కుంటే కాలుస్తా."

నా పక్క రేకు తూట్లు పడింది. "అన్నా, నేనే" అని అరిచినా కాల్చాడని నాయనకు, పళ్ళిపట్టు మామకు, అడిగినవాళ్ళకు, అడగనివాళ్ళకు చెప్పాను. నాయన తుపాకిని తానే మోసుకుపోయి పోలీసు స్టేషన్లో అప్పగించాడు. చనిపోయేదాకా నీతో సరిగ్గా మాట్లాడలేదు. నువ్వు మాత్రం "నాకు ఇనపళ్ళేదు నాయనా" అన్నావు, అంతే. నీకు తమ్ముడికన్నా చేను ముద్దని తిట్టుకుంటూ నేను ఊరు వదిలాను.

పోయిన వారం మాస్టరు నన్ను పలకకుండా నిలబడమన్నాడు. ఒక బడిపంతులు మూడుసార్లు అడిగి నొక్కేశాడు. కట్టె తుపాకే, అయినా కుర్చీలో కూలబడ్డాడు. పలకలేదని కాల్చకూడదు, వెనక్కి తగ్గి తలుపు మూసుకోవాలని మాస్టరు అతనికి చెప్పాడు. తర్వాత నావైపు తిరిగి అరవంలో ఇలా అన్నాడు:

"ఊరికే నిలబడ్డవాడు సాయంత్రానికి మరిచిపోతాడు. నొక్కినవాడు జన్మలో మరిచిపోడు."

నేను మరిచిపోలేదు. కానీ నాకు అనుకూలమైనట్టు గుర్తు పెట్టుకున్నాను.

సంతకం పెట్టాను, కాగితం ఇందులోనే ఉంది. తుపాకే తెచ్చుకుంటావో, గేటే పెట్టించుకుంటావో నీ ఇష్టం. వదినకు, మామకు, అత్తకు నా దండాలు చెప్పు. ఇక రాసేది మామ ముందు గట్టిగా చదువు. నాయనకు వినిపించే దారి లేదు.

ఆ సాయంత్రం నువ్వు మూడుసార్లు అడిగావు. నేను గోడమీద నవ్వు ఆపుకుంటూ కూర్చున్నాను. "అన్నా, నేనే" అని నేను అనలేదు. రేకు తూట్లు పడ్డాక, నువ్వు తుపాకి పారేసి నా దగ్గరికి పరిగెత్తుకొస్తుంటే, అప్పుడు కల్పించాను.

నువ్వు దీవించినా, దీవించకపోయినా
నీ తమ్ముడు
మునిరత్నం