అటక మీది ఓడ

జూలై 6, ఆదివారం

ఉదయం మా లంక మందిరంలో ప్రసంగిస్తూ, బైబిలు కథలో దివిటీల్లో నూనె పోసుకోని బుద్ధిలేని కన్యకల మీద నిప్పులు కురిపించాను. ఇంటికొస్తే కరెంటు లేదు. మబ్బుకి ఇల్లంతా చీకటి. టార్చిలో సెల్లు లేవు. కొవ్వొత్తిని ఎలకలు తినేశాయి.

"ఆ కన్యకల్లో బుద్ధిమంతులు కూడా ఉన్నారు కదండీ. ఒకమ్మాయినైనా మనింటికి పంపించాల్సింది," అంది దీనమ్మ. నా భార్య. శరీరంలో ముల్లు అని లేఖనం దేన్ని అన్నదో నాకు తెలుసు.

అమ్మాయి ఆశాజ్యోతి పురిటికొచ్చింది. బీపీ ఎక్కువ, కాన్పు రావులపాలెం ఆసుపత్రిలోనే జరగాలన్నారు డాక్టరమ్మ. నెలలు నిండేది ఆగస్టు ఆఖరుకి. గోదారి పొంగే రోజులు. కాజ్‌వే మునిగితే మాకు పడవే దిక్కు.

తీర్మానం: ఈ ఏడు వరదకి బ్రదర్ ఆశీర్వాదం ఇల్లు సిద్ధం. ఆమేన్.

జూలై 9

రాజమండ్రి వెళ్లొచ్చాను. ఇన్వర్టరుకి కొత్త బ్యాటరీ. చార్జింగ్ లైటు, మోకు, టార్పాలిన్, బిస్కెట్లు, ఒక లైఫ్ జాకెట్. బ్యాటరీ తప్ప అన్నీ ట్రంకుపెట్టెలో పెట్టి అటకెక్కించాను. పెట్టె మీద ఎర్ర పెయింటుతో 'ఓడ' అని రాశాను.

"ఓడ అంటే మనుషులు పట్టాలి కదండీ," అంది దీనమ్మ.

ఆనాడు ఓడ కట్టినప్పుడూ జనం ఇలాగే నవ్వారు.

జూలై 20, ఆదివారం

రేవులో ముగ్గురికి బాప్తిస్మం ఇచ్చాను. ప్రవాహం జోరుగా ఉంది, నాకు ఈత రాదు. లైఫ్ జాకెట్ వేసుకుని ఇచ్చాను.

"మునిగేవాళ్ళకి ఇవ్వకుండా మీరేసుకున్నారేంటండీ?" అంది దీనమ్మ, అందరి ముందూ.

గట్టు మీద ఆరబెట్టిన జాకెట్‌ని పాపాయమ్మ మేక నమిలేసింది. పరవాలేదు. మిగతా ఓడ క్షేమం.

ఆగస్టు 3

ఉపవాస ప్రార్థన ముగిసేసరికి కళ్ళు తిరిగాయి. ఇంట్లో వంట కాలేదు. ఓడలో బిస్కెట్లున్నాయి. ఒక ప్యాకెట్టే అనుకున్నాను. ఆకలి కూడా ఒక విపత్తే.

షామియానా కట్టడానికి మోకు, పైన కప్పడానికి టార్పాలిన్ ఇచ్చాను. చార్జింగ్ లైటు ఏసురాజు పట్టుకెళ్ళాడు, మా సండేస్కూలు మాస్టారు. అన్నీ దేవుని పనికే. తిరిగొస్తాయి.

ఆగస్టు 14

ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక. దీనమ్మ బట్టలు సర్దేసింది.

"ఇవాళే రావులపాలెం పోదామండీ. మా చెల్లి ఇంట్లో ఉండొచ్చు."

"ఆదివారం బహిరంగ సభ ఉంది కదా. అది కాగానే బయలుదేరదాం."

"దేని మీద ప్రసంగం?"

"సిద్ధపాటు."

దీనమ్మ ఏమీ అనలేదు. మంచి సూచన కాదు.

ఆగస్టు 17, ఆదివారం

సభ మధ్యలో కరెంటు పోయింది. సాతాను పని. ఇన్వర్టరు బ్యాటరీ తెప్పించి మైకుసెట్టుకి తగిలించాను. ఆత్మ ఆవేశించింది. "వరద వస్తోంది, లేవండి, ఓడ ఎక్కండి!" అవతలి ఒడ్డుకి కూడా వినిపించిందట. చాలాసేపు మాట్లాడాను. ఎంతసేపంటే, బ్యాటరీ చచ్చింది, కాజ్‌వే మునిగింది.

ఆగస్టు 18

తెల్లవారగానే జ్యోతికి నొప్పులు మొదలయ్యాయి, ఇంకా రోజులుండగానే. కరెంటు లేదు. టవర్ లేదు. ఓడ దింపాను. లోపల బిస్కెట్ కాగితాలున్నాయి.

గట్టు మీదికి పరిగెత్తాను. పడవ నడిపే బుల్లియ్య ఇంజను ఆపి, తెడ్డేసుకుంటూ ఏటి నడుమ పోతున్నాడు. ఉన్న గొంతంతా పెట్టి అరిచాను: "బుల్లియ్యా, వరద వచ్చేసింది! రా! ఆలస్యం చెయ్యకు!"

తల కూడా తిప్పలేదు. మళ్ళీ అరిచాను. చెయ్యెత్తి దణ్ణం పెట్టి ముందుకు పోయాడు.

వెనక నుంచి దీనమ్మ ఒక్క కేక పెట్టింది. "ఒరే బుల్లియ్యా!" పడవ తిరిగింది.

"నేనంత అరిస్తే వినబడలేదా?" అన్నాను ఎక్కుతూ.

"వినబడిందండి బ్రదర్ గారూ. వరదొస్తోంది, ఆలస్యం చెయ్యకు అని పదేళ్ళుగా వింటున్నానండి. ప్రసంగం అనుకున్నాను. అమ్మగారు పిలిస్తే పని ఉన్నట్టు."

జ్యోతి నా చెయ్యి పట్టుకుంది. ప్రార్థన చేద్దామంటే మాట రాలేదు. ఏరు దాటేదాకా జీవితంలో మొదటిసారి నోరు తెరవలేదు.

ఆగస్టు 19

రావులపాలెం. మనవరాలు. తల్లీ బిడ్డా క్షేమం. ఏడుపు విని నర్సమ్మ చెవులు మూసుకుంది.

"తాతగారి గొంతే," అంది దీనమ్మ. ఐదు రోజుల్లో నాతో అన్న మొదటి మంచి మాట. మంచి మాటే అనుకుంటున్నాను.

ఆగస్టు 30, శనివారం

మళ్ళీ తీర్మానం. ఓడలోకి కొత్త సామాను వచ్చింది. ఈసారి పెట్టెకి తాళం, తాళంచెవి దీనమ్మ కొంగున. మైకుకి బ్యాటరీ అడిగాను. కొంగుకి ఇంకో ముడేసింది.

బుల్లియ్యతో కూడా ఒప్పందం చేసుకున్నాను. ఆపద వస్తే ఏ గుర్తు పెట్టుకుందామని అడిగాను. గడ్డం గోక్కున్నాడు.

"మీరు మాట్లాడ్డం ఆపెయ్యండి. లంక మీంచి చప్పుడు లేకపోతే, ఏదో అయిందని నేనే వచ్చేస్తానండి."

సెప్టెంబరులో ఇంకో వరద రావచ్చంటున్నారు. ఓడలో దొరకని సామాను ఈ నోరు మూసుకోవడమొక్కటే. దీనికి ముందునుంచీ అభ్యాసం కావాలి. రేపటి నుంచే మౌనం.

రేపు ఆదివారం కదూ. ఎల్లుండి నుంచి.