ముందు సీటు డ్యూటీ

బేగంపేట,
నవంబర్ 4

అంజిలయ్య గారికి,

నమస్కారం పెట్టేంత శాంతంగా లేను. అయినా పెడుతున్నాను. నేను కెప్టెన్ స్వామిదాసును. పోయిన గురువారం మిమ్మల్నీ మీ పూలబుట్టలనీ తిరుపతి పెళ్ళికి తీసుకెళ్ళిన ఆ చిన్న ప్రైవేటు విమానం నడిపినవాణ్ణి. వెనక సీట్లన్నీ చామంతులకే సరిపోయాయని, జాలిపడి మిమ్మల్ని నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆ జాలి గురించే ఈ ఉత్తరం.

ఫోన్ చేసేవాణ్ణే. కానీ ఫోన్లో నాకు మాట్లాడే వంతు వస్తుందన్న నమ్మకం లేదు.

విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు పైలెట్‌తో పనిలేని మాట ఒక్కటి కూడా మాట్లాడకూడదు. ఇది నా సొంత చాదస్తం కాదు, మా వృత్తి మొత్తానికి ఉన్న కట్టుబాటు. ఎక్కేముందు మీకు చెప్పాను, మీరు తలూపారు. తీరా విమానం రన్‌వే మీద పరుగెత్తుతుంటే "సారుది ఏ ఊరు?" అన్నారు. చక్రాలు నేల వదిలేసరికి "పిల్లలెంతమంది?" అన్నారు. నేను జవాబివ్వకపోతే భుజం తట్టి, "సార్, మెలకువతోనే ఉన్నరా?" అంటూ నా నల్లకళ్ళద్దాల కిందికి వంగి చూశారు. ఆపైన ఫ్లాస్కు మూత తీసి చాయ్ నా ముక్కు దగ్గర పెట్టారు.

ఇంత చేసి, పైలెట్ కునుకు తీస్తున్నాడని మా ఆఫీసుకు రాస్తారా? పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో నా మీద ఒక్క మచ్చ లేదు. మీ కాగితం అందినప్పటి నుంచి నన్ను విమానం దగ్గరికి రానివ్వడం లేదు. పద్దెనిమిదో తారీఖున విచారణ. నిజమని తేలితే ఉద్యోగం పోతుంది. ఈలోగా ఫిర్యాదు వెనక్కి తీసుకోండి.

మర్యాద తప్పని కోపంతో,
స్వామిదాసు

తా.క. ఆ చాయ్ నేను తాగలేదు. నా తెల్లచొక్కా తాగింది.

•

చేవెళ్ళ,
నవంబర్ 7

కెప్టెన్ సారుకు అంజిలయ్య దండాలు.

ఉత్తరం కాబట్టి బడిలో నేర్పిన భాషలోనే మొదలుపెడుతున్నాను. కోపం ఎక్కువైన చోట మా భాష వస్తుంది, ఏమనుకోవద్దు.

నేను రాసింది ఫిర్యాదు కాదు. మీ మంచి కోరి రాశాను. "పిలగాడు మంచోడు. జర నిద్రకు తూలుతున్నడు. ఇంకొక మనిషిని జతకియ్యుండ్రి" అన్నాను. ఇందులో తప్పేముంది?

ఇరవై రెండేళ్ళుగా చేవెళ్ళ నుంచి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పూల వ్యానులో పోతున్నాను. కోడి కూయకముందే బయలుదేరాలి. మా దగ్గర ముందు సీటంటే సుఖంగా కూర్చునేది కాదు, అదొక డ్యూటీ. ముందు కూర్చున్నవాడు డ్రైవర్‌ను మాట్లాడిస్తూనే ఉండాలి. జవాబొస్తే మేలుకున్నట్టు. రాకపోతే భుజం తట్టాలి. దానికీ పలకకపోతే చాయ్. ఒక్కటంటే ఒక్కరోజు పన్నునొప్పితో నేను నోరు మూసుకున్నాను. ఆ రోజే బండి కనకమామిడి దగ్గర కాలువలో దిగింది. బంతిపూలన్నీ నీళ్ళపాలు. మా డ్రైవర్ హన్మయ్య ఇప్పటికీ నన్నే అంటాడు, "నువ్వు మాట్లాడకపోవట్కెనే గిట్లాయె గదనే" అని.

మరి మీరు? రెండు మాటలకు జవాబు లేదు. కళ్ళకు నల్లద్దాలు. ఎదురు బండి లేదు, గుంత లేదు, హారన్ లేదు. అట్లాంటి చోట ఎవరికైనా నిద్ర రాదా? వెనక ఇరవై బుట్టల పూలు, ముందర నా పానం. నా డ్యూటీ నేను చేశాను.

అసలు కోపం రావాల్సింది నాకు. నా మీద మీరు రాసిచ్చిన కాగితం చూసి మీ ఆఫీసోళ్ళు ఫోన్ చేసిండ్రు. ఇగ నన్ను విమానంల ఎక్కనియ్యరంట! ముందు సీట్ల కూసునుడు అంజిలయ్యకు రాదని పేరు పెడ్తరా? మొయినాబాద్ దాకా పాకింది ఈ మాట. చాయ్ హోటల్ల కూసుంటే నవ్వుతున్నరు.

మీరు మీ కాగితం వెనక్కి తీసుకుంటే, నేను నాది తీసుకుంటా.

ఇట్లు,
అంజిలయ్య

తా.క. మీది ఏ ఊరో ఇంకా చెప్పనే లేదు.

•

బేగంపేట,
నవంబర్ 10

అంజిలయ్య గారూ,

విమానాన్ని పూల వ్యానుతో పోల్చారు. చదివి రెండు గ్లాసుల నీళ్ళు తాగాను, అయినా చల్లబడలేదు. మీ వ్యాను దారి తప్పితే కాలువ. నాది దారి తప్పితే ఏముందో కిటికీలోంచి చూశారు కదా! నేను మౌనంగా ఉన్నానంటే నిద్రపోతున్నట్టు కాదు, పని చేస్తున్నట్టు. ఎత్తు చూడాలి, వేగం చూడాలి, గాలి చూడాలి, రేడియోలో ఎయిర్‌పోర్టు టవర్ వాళ్ళ మాట వినాలి. అలాంటి చెవిలో వచ్చి పిల్లల లెక్క అడుగుతారా?

నేను ఏ కాగితమూ వెనక్కి తీసుకోను. మా విమానంలో పైలెట్ తల వెనక కెమెరా ఉంది. మాటలతో సహా అంతా రికార్డవుతుంది. లేచేటప్పుడు మీరు చేసిన గోల అందులో ఉంటుంది. దిగేటప్పుడు మిమ్మల్ని నేనెంత పద్ధతిగా అదుపులో పెట్టానో అదీ ఉంటుంది. విచారణలో మొత్తం వినిపించమని నేనే రాసిచ్చాను. కొత్తగా చేరిన కుర్ర పైలెట్లను కూడా కూర్చోబెట్టమన్నాను. నేర్చుకుంటారు.

ఇక తేలాల్సింది అక్కడే.

స్వామిదాసు

తా.క. మాది భీమవరం. ఇద్దరు పిల్లలు. దయచేసి ఇంకేమీ అడక్కండి.

•

చేవెళ్ళ,
నవంబర్ 13

సారూ,

ఈసారి బడి భాష రాదు. అంత కోపం మీదున్న.

ఆ రికార్డింగ్ ఒద్దు. జల్ది ఆఫీసుకు పోయి ఒద్దని చెప్పుండ్రి. నా కోసం కాదు, మీ మంచికే చెప్తున్న. నా కాగితంల లేచేటప్పటి సంగతే రాసిన. దిగేటప్పటిది రాయలె. మా ఇంటామె జంగమ్మకు సుత చెప్పలె. పెద్ద నౌకరి చేసే మనిషి, ఇజ్జత్ ఎందుకు తియ్యాలె అని ఊకున్న. మీరేమో పిలగాండ్లను పిలిచి మరీ వినిపిస్తనంటరా? ఎట్ల చెప్తే ఎక్కుతది మీకు?

నేను చెప్పేది చెప్పిన. తర్వాత మీ ఇష్టం.

అంజిలయ్య

తా.క. ఇద్దరు పిల్లలన్నరు. ఆడపిల్లలా, మగపిల్లలా?

•

బేగంపేట,
నవంబర్ 19

అంజిలయ్య గారికి నమస్కారం.

మీ ఉత్తరం చూసి మీరు భయపడ్డారనుకున్నాను. మా ఆవిడకు చదివి వినిపించి నవ్వాను కూడా. నిన్న విచారణ అయింది. నా కోపం ఇంకా తగ్గలేదు. అయితే అది మనిషిని మార్చుకుంది.

ముందు విమానం లేచేటప్పటిది వినిపించారు. నాకు అరగంటలా గుర్తున్న మీ గోల మొత్తం నలభై సెకన్లు. నేను నిద్రపోలేదని తేలిపోయింది. లేచి అందరికీ చేతులు కలపబోయాను. "కూర్చోండి, ఇంకా ఉంది" అన్నారు మా ఆఫీసు పెద్దాయన.

తర్వాత దిగేటప్పటిది. అందులో ఒక్కటే గొంతు, అది నాది. "దిగేటప్పుడు మాట్లాడకూడదు, ఎందుకో చెబుతాను వినండి" అని మొదలుపెట్టాను. ఏకాగ్రత అంటే ఏమిటో చెప్పాను. నా శిక్షణ రోజులు చెప్పాను. మాటల్లో పడి ముప్పు తెచ్చుకున్న పైలెట్ల ఉదంతాలు మూడు చెప్పాను. ఆ మధ్యలో టవర్ నన్ను స్పీకర్లో రెండుసార్లు పిలిచింది. నాకు వినపడలేదు.

అప్పుడు మీ గొంతు, చాలా మెల్లగా: "సార్, మిమ్మల్ని పిలుస్తున్నరు."

"మధ్యలో మాట్లాడొద్దన్నానా!" అన్నాను నేను.

"మాట్లాడను సార్. గని వీల్స్, వీల్స్ అంటున్నరు వాళ్ళు."

ఆ తర్వాత రికార్డింగులో మాటల్లేవు. చక్రాలు కిందికి దిగిన చప్పుడు మాత్రం ఉంది. చక్రాలు దించినట్టు నాకు బాగా గుర్తుంది. ఎవరు చెబితే దించానో అదే మరిచిపోయాను.

గదిలో పదకొండుమంది కుర్రాళ్ళున్నారు. ఒక్కడూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

మీ మీద నేను రాసిన కాగితాన్ని మా పెద్దాయన నా ముందే చింపేశారు. మీరు ఎప్పుడైనా మా విమానం ఎక్కవచ్చు. నేను మాత్రం రెండు నెలల దాకా ఎక్కకూడదు, మళ్ళీ మొదటి నుంచి శిక్షణ. ఆ సంగతి మీరు మొదటే రాసి ఉంటే నా ఉద్యోగం ఆ రోజే పోయేది. మొత్తం వినిపించమని నేనై అడిగాను కాబట్టి ఈమాత్రంతో వదిలారు. మీ ప్రాణం మీదికి తెచ్చినవాడి పరువు మీరు కాపాడారు. నాకు చాలా సిగ్గుగా ఉంది. క్షమించండి.

మీ
స్వామిదాసు

తా.క. రేపే మొదటి పాఠం. మౌనంగా ఉండమని ప్రయాణికులకు ఎలా చెప్పాలో రాసుకు రమ్మన్నారు, ఇరవై సెకన్లు దాటకూడదట. కూర్చుని రాశాను. ఇప్పటికి మూడు పేజీలయింది.