డ్రమ్ము ఆపిన రోజు

ఆర్మూర్, బుధవారం

మా పసుపు మిల్లుకు యూనివర్సిటీ వాళ్లు వచ్చారు. ఒకరు నేలను, ఒకరు నీటిని, ఒక మేడమ్ కూలీల బతుకును చదువుతారట. దుమ్ము కనబడకూడదని సేటు పొద్దున్నే పసుపు పాలిష్ చేసే డ్రమ్మును ఆపించాడు. దాని దగ్గర పనిచేస్తూ రెండేళ్లుగా దగ్గుతున్న గంగమణిని ఇంటికి పంపమన్నాడు. పంపాను.

“దుమ్ముతో ఎవరికైనా ఇబ్బందా?” మేడమ్ అడిగింది.

“పసుపు మందే గద మేడమ్, ఉన్న దగ్గు పోతది. మా గుమస్తానడుగుండ్రి” అన్నాడు సేటు.

నేను తలూపాను.

సాయంత్రం గంగమణి దారిలో ఆపింది. “అన్నా, నా దగ్గు సంగతి చెప్పినవా?”

“చెప్పిన. రాసుకున్నరు.”

“రాసుకున్నరా! పని ఇడిసిపెడదామనుకున్న. ఏదన్న జేస్తరు గదా, ఇంకో సీజన్ జేస్త తియ్యి” అంది.

రేపటి కూలీల జాబితాలో ఆమె పేరు రాశాను.