మూడో కార్డు

2011, మంగళవారం రాత్రి. కొండాపూర్.

ఈ రోజు దేవుడి పేరు మీద అబద్ధం చెప్పాను.

మొన్న తెలంగాణ బంద్ రోజు గచ్చిబౌలిలో మా ఆఫీసు బస్సు ఆపినవాళ్ళలో ఒకతను నా గుంటూరు యాస విని, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగాడు. అంతే, ఇంకేమీ అనలేదు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. చెన్నైకి ట్రాన్స్‌ఫర్ కావాలో వద్దో ఈ రోజు తేల్చమన్నాడు మేనేజరు.

పొద్దున ప్రార్థన చేసి, బైబిలు వాక్యాల కార్డులుండే వాగ్దానాల పెట్టెలోంచి ఒక కార్డు తీశాను. ఉన్నచోటే ఉండమనే మాట వచ్చింది. మళ్ళీ లోపల పెట్టేశాను. రెండోదీ అలాంటిదే. మూడోదాంట్లో బయలుదేరమని ఉంది. అదొక్కటే తీసుకెళ్ళి మా ఆయనకు చూపించి, "దేవుడు మాట్లాడాడండీ, వెళ్ళమంటున్నాడు" అన్నాను.

ఆయనది నల్గొండ. టీచర్ల సమ్మెలో ఉన్నారు. తెలంగాణ వచ్చేదాకా ఇక్కడి నుంచి కదలనన్న మనిషి. ఆ కార్డు చదివి, "దేవుడే చెప్పినంక ఇగ నేనేమంట సునీతా" అన్నారు. చెన్నైకి వెళ్తానని మేనేజరుకు మెయిల్ పెట్టేశాను.

ప్రభువా, ఆ మొదటి కార్డు నీ మాటేనా? లేక మూడూ ఉత్త కాగితాలేనా? ఇంతసేపు మోకాళ్ళ మీద ఉన్నా నా భయం తప్ప ఏమీ వినిపించలేదు. ఆయనకు నిజం చెప్పేయాలి. చెబితే ఇంకెప్పుడైనా నా మాట...

పక్క గదిలో ఆయన ప్రార్థన చేసుకుంటున్నారు. "నా భార్యతో మాట్లాడినందుకు స్తోత్రం తండ్రీ" అంటున్నారు. ఆ గొంతు మాత్రం నాకు స్పష్టంగా వినిపిస్తోంది.