బుల్లికి గొంతు వాచింది

మంగళవారం, మధ్యాహ్నం

అక్కయ్యకు,

నమస్కారాలు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడానికి లేదు, బుల్లికి జ్వరం. అయినా ఇంత సంతోషంగా నీకు ఏనాడూ ఉత్తరం రాయలేదు. కంగారుపడకు, నాకు మతి పోలేదు.

నెల తిరిగేలోగా అది క్రెష్‌లో పిల్లలతో కలవకపోతే నువ్వొచ్చి మీ ఇంటికి తీసుకెళ్ళిపోతానన్నావు. నేనూ సరేనన్నాను. అనేసి, పనిలో క్రేన్ నడిపే పైగదిలో కూర్చుని ఎంత ఏడ్చానో కింద నిలబడి చేతులూపే వాళ్ళకు తెలియదు. ఉద్యోగం వదులుకోలేను, కన్నకూతుర్ని విడిచి ఉండలేను. చూడబోతే అదక్కడ మూగనోము పట్టింది. టీచరమ్మను ఎప్పుడడిగినా, ఓ మూల ఒక్కతే కూర్చుంటుందండీ అనేది.

పోయిన వారం క్రెష్‌లో గొంతునొప్పులు మొదలయ్యాయి. బాక్టీరియా అట. ఒకరి నోట్లోది ఇంకొకరు నోట్లో పెట్టుకునే వయసు కదా, అక్కడున్న బొమ్మ ఏనుగు తొండం చీకని పిల్లే లేదు. దగ్గులూ తుమ్ములూ సరేసరి. ఒకడికి జ్వరం, మర్నాడు వాడి పక్కవాడికి, ఆపైన కవలలిద్దరికీ. తల్లులంతా లబోదిబోమంటుంటే నేనొక్కదాన్నే నిబ్బరంగా ఉన్నాను. మనది ఎవరి దగ్గరికీ పోదు కదా, దానికెలా అంటుకుంటుంది! ఆ నిబ్బరం తలుచుకుని మళ్ళీ ఏడుపు.

నిన్న పొద్దున పాలు కూడా మింగలేకపోయింది. నోరు తెరిపించి చూస్తే గొంతంతా ఎర్రగా వాచి ఉంది. డాక్టరు దూదిపుల్లతో పరీక్ష చేసి, అదేనమ్మా, దగ్గరగా మెలిగితేగానీ అంటుకోదు, ఎవరితోనో బాగా జట్టు కట్టినట్టుంది అన్నాడు. నేను ఆయన ముందే పకపకా నవ్వేశాను. ఆయన కళ్ళజోడు పైనుంచి అదోలా చూశాడు. నీ మరిదే నా తరఫున క్షమాపణ చెప్పుకున్నాడు పాపం.

మందు మొదలుపెట్టాం. ఒక రోజు గడిస్తే ఇంకొకరికి అంటుకోదట, కానీ తగ్గింది కదా అని మధ్యలో ఆపకూడదట. దాని గ్లాసూ చెంచా వేరుగా పెట్టి మరిగిస్తున్నాను. జ్వరం అప్పుడే తగ్గుముఖం పట్టింది. ఇక నువ్వు చూడ్డానికి రా, తీసుకెళ్ళడానికి మాత్రం రాకు.

ఇట్లు,
ఆనందం పట్టలేని
నీ చెల్లెలు

తా.క. ఉత్తరం అంటించబోతుంటే టీచరమ్మ వచ్చింది. అసలు సంగతి వేరే ఉంది. మనదానికి ఎవరో అంటించడం కాదు, అందరికీ అంటించింది ఇదే! క్రెష్‌లో ఎవరికీ జ్వరం రాకముందే ఇది అన్నం వద్దంటే మొండితనమనుకుని కసిరాను, అప్పుడే మొదలై ఉంటుందట. టీచరమ్మ కన్నుగప్పి పిల్లలు ఒక్కొక్కరే ఇది కూర్చునే మూలకు, చెప్పుల స్టాండు వెనక్కి చేరితే, ఇది బిస్కెట్టు మీద గౌను అంచు కప్పి, పంటితో కొరికి, కాకి ఎంగిలి చేసి పంచిపెట్టేదట. గుడ్డ అడ్డుంటే ఎంగిలి కాదని దానికి నేర్పిన మహాతల్లివి నువ్వే కదా! ఇళ్ళల్లో పిల్లలు జ్వరంలో కూడా కాకి కావాలి, కాకి కావాలి అని కలవరిస్తుంటే, ఎవరా కాకి అని తల్లులు తలలు పట్టుకున్నారట. మన బుల్లేనే అక్కయ్యా! జ్వరం తగ్గి తిరిగొచ్చినవాళ్ళు ఇవాళ లోపలికి పోకుండా తలుపు దగ్గరే నిలబడి, కాకి ఇంకా రాలేదేం అని అడుగుతున్నారట.