కావేరి మెట్ల మీద నీ పేరు

అన్నా,

మనం మదరాసు నుంచి విడిపోయి ఆంధ్ర అయ్యాం. అది నీకు తెలియదు. నాయన కూడా పోయాడు. ఆయనకు కావేరిలో పిండం పెడదామని శ్రీరంగపట్నం బయలుదేరితే, ప్రొద్దుటూరు దాటని వదిన "నేనూ వస్తా అబ్బీ" అంది. బర్మా యుద్ధంలో నీ జాడ తెలియలేదని పటాలం వాళ్ళు రాసినా ఆమె గాజులు, బొట్టు తీయలేదు. తీయమని మేమూ అనలేదు.

సాయంత్రం కోటలో యుద్ధంలో సుల్తాను చచ్చి పడిపోయిన చోటు, తోటలోని ఆయన మహలు చూశాం. గోడల నిండా యుద్ధం బొమ్మలే. వదిన గుర్రాల కాళ్ళ కింద పడివున్న సిపాయిల దగ్గరే నిలబడిపోయింది. అక్కడి కాపలాదారు మదనపల్లె మనిషి.

"సుల్తాను శవాన్నే దివిటీలు పట్టుకోని పీనుగుల్లో యెతికినారు తల్లీ" అన్నాడు.

"మరి ఈ సిపాయిల పెండ్లాలకు ఎవురు చెప్పినారప్పా?"

"ఎవురు చెప్తారమ్మా? వాళ్ళే అనుకోవాల."

నేను ఆమెను గబగబా బయటికి తీసుకొచ్చాను.

మరునాడు పొద్దున పిండం పెట్టాక, "మీ ఇంట్లో పోయినోళ్ళు ఇంకెవరైనా ఉంటే పేర్లు చెప్పండి" అన్నాడు మనవైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డ పురోహితుడు. చేతిలో నువ్వులు, నీళ్ళు పట్టుకొని నేను తలెత్తలేదు.

"ఉండారా, లేరా? ఎనక జనం కాసుకోని ఉండారు" అని విసుక్కున్నాడు.

లేరందామని నోరు తెరిచాను.

మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మనవైపు ఆడవాళ్ళ భయం. పెళ్ళయినప్పటి నుంచి వదినకు నువ్వు "మీ అన్న"వే. ఆమె నా వెనక మెట్టు మీద నిలబడి, పురోహితుడికి వినపడేలా నీ పేరు పూర్తిగా చెప్పింది.

నేను నీళ్ళు వదిలాను.