పద్నాలుగో నెంబరు రావడం మానలేదు

డైరెక్టర్ గారి సముఖమునకు,
క్యాన్సర్ పరిశోధన ఆసుపత్రి, సికింద్రాబాద్.

అయ్యా,

విషయం: తమ పెద్ద డాక్టరు గారి పరిశోధన వ్యాసంలో నా భార్య "మధ్యలో రావడం మానేసింది" అని పడిన తప్పును సరిచేయించుట గురించి.

నిన్న కూడా ఈ కౌంటరు కాదన్నారు. ఉన్న నాలుగు కౌంటర్లూ అయిపోయినవి కనుక తమకే రాసుకుంటున్నాను.

1. నా పేరు జీవరాజు, వయసు 56, చదువు మా ఊరి బడిలో ఏడో తరగతి. చిలకలగూడలో బైండింగ్ షాపు. తమ డాక్టర్ల థీసిస్‌లు ఇరవై ఏళ్ళుగా కుడుతున్నాను. ఒక్కటీ చదవలేదు. అన్నీ ఇంగ్లీషు, పైగా నా బాధ్యత అట్ట వరకే.

2. గత సోమవారం పెద్ద డాక్టరు గారి ప్రమోషన్ ఫైలు బైండింగుకు వచ్చినది. వ్యాసాలు 64. వాటిలో ఒకదాన్ని ఇతర డాక్టర్లు 312 వ్యాసాల్లో ఉదహరించారని మొదటి పేజీలోనే ఉన్నది. కాగితాలు వరుస పెడుతుంటే ఆ వ్యాసంలో ఒక పట్టిక కనపడినది. నెంబరు 14, స్త్రీ, 47 ఏళ్ళు. కొన్నేళ్ళ కింద కొత్త మందు పరీక్షలో చేరినప్పుడు నా భార్య సువార్తకు తమరిచ్చిన కార్డు మీది నెంబరు అదే, మందు పేరూ అదే. ఇవన్నీ మా అన్న కూతురు హదస్సాతో చదివించాను. ఆ పిల్ల ఆ వరుస మీద వేలు పెట్టి చదివినది. తర్వాత "బాబాయ్, పిన్ని మూడో నెల తర్వాత రాలేదని రాసిన్రు. ఏమైందో తెల్వదట" అన్నది.

3. మనవి చేసుకునేది ఏమనగా, సువార్త వచ్చినది. నాలుగో నెలలో నాలుగు మంగళవారాలు వచ్చినది. తొమ్మిదో నెంబరు గదికి తాళం. అటెండరు "పెద్దసారు మీటింగుకు బెంగళూరు పోయిండమ్మా, వచ్చే మంగళారం రా" అనేవాడు. ఈమె నాతో "సారుకు మనలాంటోళ్ళు ఎంతమందో, ఏమనకు" అనేది. ఓపీ చీటీల మీద తమ ముద్రలే ఉన్నవి, నకళ్ళు జతపరిచాను. మా బడిలో సారు రాని రోజున పిల్లలకు గైర్హాజరు వేసేవారు కాదు.

4. ఐదో మంగళవారం రాని మాట నిజమే. సోమవారం పొద్దున చనిపోయినది. ఆ సంగతి చెప్పడానికి నేనే వచ్చాను. అది వేరే కౌంటరు అన్నారు. మా ఫోను నెంబరు మూడు ఫారాల మీద రాయించుకున్నారు. ఒక్కసారీ మోగలేదు.

5. ఆమె పక్కింటికి వెళ్ళినా చెప్పి వెళ్ళే మనిషి. ఇప్పుడు 312 చోట్ల చెప్పకుండా పోయినట్టు లెక్క.

ప్రమోషన్ ఆపమని అడగడం లేదు. ఆ వ్యాసం వల్ల ఎవరికైనా నయమైతే నాకు సంతోషమే, ఆమె పడిన బాధ కూడా అందులో ఒక గీత. పేరు వేయమనీ అడగను, నియమం తెలుసు. పత్రిక వారికి ఒక్క ఉత్తరం రాసి, 14కు ఎదురుగా "చనిపోయే వరకు వస్తూనే ఉన్నది" అని తేదీతో వేయించవలెను. ఫైలు ఇంకా కుట్టలేదు. ఆ పేజీ తీసి వేరేది పెట్టడం నాకు పది నిమిషాల పని. పెట్టలేదు.

ఈ అర్జీని కౌంటరు నెంబరు వేసి తిప్పి పంపక, ఒక్కసారి చివరిదాకా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కె. జీవరాజు

తా.క.: ఫైలు కోసం తమ జూనియర్ డాక్టరమ్మ ఆఫ్షీన్ గారు ఇప్పుడే వచ్చారు. "అంకుల్, అయిందా?" అంటే ఈ అర్జీ చేతిలో పెట్టాను. స్టూలు మీద కూర్చొని రెండుసార్లు చదివి తిరిగి ఇచ్చారు. "ఆ టేబుల్ నేనే నింపిన అంకుల్. ఖాళీ గడి ఉంటే సారు గుస్సా అయితరని..." అని ఆగిపోయారు. నేను చాయ్ చెప్పాను. ఇప్పుడు ఆ పేజీ ముందు పెట్టుకొని పెన్ను తీశారు. "సువార్త ఆంటీ తారీకు చెప్పండి, రాస్కుంట" అంటున్నారు. తమ ఆసుపత్రి నుంచి ఆ మాట అడిగిన మనిషి ఇన్నేళ్ళలో ఈమె ఒక్కరే. రోజూ తలుచుకునే తారీకే, అయినా చెప్పకుండా ముందు ఈ వాక్యం రాస్తున్నాను. "అంకుల్, జెర ఇటు రండి" అని మళ్ళీ పిలుస్తున్నారు, చెప్పి వచ్చి మిగతాది